సగం చచ్చిన మౌసు

దొరబాబుది పుర్రచేతివాటం. విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున చేపలవేటగాళ్ల ఇంట్లో పుట్టినవాడికి ఇంతకన్నా పెద్ద చిక్కు ఉండదు. పడవలో అందరూ ఒకే వైపు తిరిగి వల వేస్తారు, ఒకే వైపు తిరిగి లాగుతారు. వీడొక్కడూ రెండో వైపు తిరిగాడంటే వీడి మోచెయ్యి పక్కవాడి మూతికి తగులుతుంది. మొదటిసారి వేటకు వెళ్లిన రోజునే కన్నతండ్రి వీరన్న ముందుపన్ను ఊడగొట్టాడు. ఆయన శాంతస్వభావుడు కాబట్టి సరిపోయింది. ఒడ్డుకు వచ్చి, నోరు కడుక్కుని, "నువ్వు ఏటకి పనికిరావురా నాయనా. గట్టు మీదే ఏదో పని సూస్కో" అన్నాడు.

గట్టు మీద మాత్రం ఏముంది? వల కడదామని కూర్చుంటే ముళ్లన్నీ తిరగబడి పడేవి. వలలు బాగుచేసే సూరన్న తాత ఆ ముళ్లను ఎగాదిగా చూసి, "ఇది వలేట్రా, అద్దంలో వలేట్రా?" అన్నాడు. పేటంతా నవ్వింది. కుట్టుపని నేర్పమని టైలరు దగ్గర పెడితే అక్కడ కత్తెర మొరాయించింది. కత్తెర కుడిచేతివాళ్ల కోసం చేసిందన్న సంగతి కుడిచేతివాళ్లకు చచ్చేదాకా తెలియదు. ఎడమచేత్తో పడితే అది గుడ్డను కొయ్యదు, నములుతుంది. ఎవరిదో పెళ్లి జాకెట్టు నమిలేశాక టైలరు రెండు చేతులూ జోడించి వీణ్ణి సాగనంపాడు.

వీటన్నిటి మీదా తల్లి పోతమ్మ పోరు ఒకటి. ఆమె గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మే మనిషి. పొద్దున్నే ఎవరైనా ఎడమచేత్తో బోణీ చేస్తే ఆ రోజు గంప కదలదని ఆమె నమ్మకం. అందుకని వీడి చిన్నప్పుడు కంచం ముందు ఎడమచెయ్యి కదిలిందంటే చాలు, గరిటె కాడతో మెటికల మీద ఒక్కటిచ్చేది.

"పుర్రసేత్తో ఎవులికీ ఏటీ ఇవ్వకు, ఎవుల కాడా ఏటీ తీస్కోకు. అది పాడుసెయ్యిరా" అనేది.

దెబ్బలకు కొంత ఫలితం దక్కింది. తినడం, ఇవ్వడం, పుచ్చుకోవడం కుడిచేతికి వచ్చాయి. మిగిలిన బతుకంతా ఎడమచేతిలోనే ఉండిపోయింది.

ఆఖరికి, కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఆటల షాపు పెట్టిన చలమయ్య వీణ్ణి పనిలో పెట్టుకున్నాడు. వరసకు బావ. వీధికో ఇంటర్నెట్ సెంటర్ పుట్టుకొస్తున్న రోజులవి. చలమయ్య షాపులో ఇంటర్నెట్టు పేరుకే, కంప్యూటర్లన్నిటి మీదా తుపాకుల ఆటే. కుర్రాళ్లు కాలేజీ ఎగ్గొట్టి మరీ వచ్చి ఒకళ్లనొకళ్లు కాల్చుకునేవాళ్లు. దొరబాబు పని ఊడవడం, తుడవడం, మౌసులు శుభ్రం చెయ్యడం. కౌంటర్ దరిదాపులకు మాత్రం రానిచ్చేవాడు కాదు చలమయ్య.

"నువ్వు తొందర్లో పుర్రసేత్తో సిల్లరిచ్చీసావనుకో, మల్లీ ఆ మనిషి మన గుమ్మం ఎక్కడు. యాపారం బావా ఇది" అనేవాడు.

ఆ మౌసుల బాధ చెప్పాలి. తొలి రోజుల్లో వాటి కడుపులో రబ్బరు గుండు ఉండేది. పోర్టు వైపు నుంచి గాలికి కొట్టుకొచ్చే నల్లదుమ్ము, కుర్రాళ్ల అరచేతుల చెమట కలిసి ఆ గుండుకు అంటుకునేవి. దొరబాబు రోజూ వాటి కడుపులు విప్పి, గుండు కడిగి, లోపలి చక్రాలకు పట్టిన మడ్డిని గోరుతో గీకేవాడు. తరవాత ఎర్రలైటు మౌసులొచ్చి గుండు బెడద తీరింది. కుర్రాళ్ల వేళ్ల బెడద మాత్రం తీరలేదు. కాల్చడమంతా ఎడమ బటన్‌తోనే. చూపుడువేలితో దాన్ని బాది బాది పెట్టేవాళ్లు. కొన్నాళ్లకు ఒకసారి నొక్కితే రెండుసార్లు పలికేది. ఇంకొన్నాళ్లకు ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. చలమయ్య దాన్ని పీకి మూలనున్న అట్టపెట్టెలో పారేసేవాడు. ఆ పెట్టెకు కుర్రాళ్లు ఎలకల శ్మశానమని పేరు పెట్టారు.

ఒకనాటి పొద్దున ఊడవడం అయిపోయింది, ఇంకా ఎవరూ రాలేదు. దొరబాబుకు ఏం తోచిందో, ఆ శ్మశానంలోంచి ఒక మౌసు తీసి తగిలించాడు. పాతకాలపుది. తెలుపు కాస్తా పసుపుకు తిరిగింది, వైరుకు టేపు చుట్టి ఉంది. దాన్ని కీబోర్డుకు ఎడమపక్కన పెట్టి ఎడమచెయ్యి వేశాడు. చూపుడువేలు కుడి బటన్ మీద పడింది.

టిక్.

శుభ్రంగా పలికింది. మళ్లీ నొక్కాడు. కొత్తదానిలాగే ఉంది. పెట్టెలోంచి ఇంకోటి తీశాడు, అదీ అంతే. ఇంకోటి, ఇంకోటి. పెట్టెలో ఉన్నవన్నీ సగమే చచ్చాయి! కుడిచేతివాళ్లు ఎడమ బటన్‌ను చంపి, కుడి బటన్‌ను సరిగ్గా ముట్టుకోకుండానే పారేస్తున్నారు. అది చూపుడువేలి కిందకు వచ్చే మనిషి ఈ షాపు మొత్తానికి దొరబాబు ఒక్కడే. పడవ, వల, కత్తెర, అన్నీ పొమ్మన్నాక ఈ లోకంలో ఒక వస్తువు తన చేతి కోసమే ఆగి ఉందని తెలిసేసరికి వాడు ఒక్కడే కూర్చుని పగలబడి నవ్వాడు. కళ్లంట నీళ్లు కూడా వచ్చాయనుకోండి.

ఆ పచ్చబడ్డ మౌసునే ఉంచుకున్నాడు. దానికి వంపూ సొంపూ ఏమీ లేవు, అటూ ఇటూ ఒకేలా ఉంటుంది. అందుకే ఏ అరచేతికైనా ఒదుగుతుంది. ఆటలో కాల్చే పనిని కుడి బటన్‌కు మార్చుకుని రోజూ పొద్దున్నే సాధన చేశాడు. మొదట షాపులో కుర్రాళ్లు "పుర్రోడితో ఆటేట్రా" అని ఎగతాళి చేశారు. తరవాత్తరవాత వాడు కూర్చుంటే పక్క కుర్చీలు ఖాళీ అయ్యేవి. ఓడిపోవడం ఎవరికి సరదా?

రెండువేల నాలుగు దసరా సెలవుల్లో గాజువాకలో కొత్తగా పెట్టిన పెద్ద ఆటల హాలు వాళ్లు పోటీ ప్రకటించారు. చలమయ్య అదే గాజువాకలో రెండో షాపు తెరవబోతున్నాడు. సందు చూసి దొరబాబు అడిగేశాడు.

"బావా, ఆ కౌంటర్ నాకిచ్చీ."

చలమయ్య తల గోక్కున్నాడు. "మన షాపు పేరు మీద కప్పు తే. అప్పుడు గాజువాక కౌంటర్ నీదే. ఏ సేత్తో సిల్లరిత్తావో నానడగను."

"ఓడిపోతే?"

"మీయమ్మ ఐసు ఫ్యాక్టరీలో మాటాడీసింది కదేటి. ఎల్లి ఐసు మొయ్యి."

అది నిజమే. పోటీ మర్నాడే పనిలో చేరుస్తానని పోతమ్మ మాట ఇచ్చేసి వచ్చింది. "ఐసు మొయ్యడానికి ఏ సెయ్యైతే ఏటి, రెండూ కావాల" అంది. ఆమె లెక్క ఆమెది.

దొరబాబు తన మౌసును చేతిరుమాలులో చుట్టుకుని గాజువాక వెళ్లాడు. హాలు చూసుకునే సూర్యకళ గుమ్మంలోనే ఆపేసింది. "బయటి మౌసులు పెట్టనివ్వమండి. అందరూ హాల్లో ఉన్నవాటితోనే ఆడాలి. రూలు రూలే" అని రుమాలు మూటను సొరుగులో పెట్టి తాళం వేసింది.

హాల్లోవి నల్లగా నిగనిగలాడే కొత్త మౌసులు. న్యాయంగా చెప్పాలంటే బ్రహ్మాండమైనవి. అరచేతికింద ఉబ్బు, బొటనవేలికి గుంట, వేళ్ల కింద మెత్తటి రబ్బరు. ఎంతసేపు ఆడినా చెయ్యి నొప్పెట్టదు. అదీ కుడిచెయ్యి అయితేనే. ఎడమచేత్తో పట్టుకుంటే కుడికాలి చెప్పు ఎడమకాలికి తొడుక్కున్నట్టే. ఉబ్బు అరచేతిని పక్కకు తోసేస్తోంది. బొటనవేలి కోసం పెట్టిన పక్క బటన్ వాడి ఉంగరపువేలి కింద నలిగి, సరిగ్గా కాల్చబోయే వేళకు చేతిలో తుపాకీ పోయి కత్తి వస్తోంది. అయినా ఆట తెలిసినవాడు. నక్కి, పొంచి, దొడ్డిదారిన వెనకనుంచి పడి, ఎలాగో పళ్లబిగువున ఫైనల్‌కు చేరాడు. చేరేసరికి మణికట్టు కొయ్యబారిపోయింది.

ఫైనల్లో ఎదుటివాడు దువ్వాడ కాలేజీ కుర్రాడు కృష్ణంరాజు. వాళ్లది గోదావరి వైపు, తండ్రి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగి. మూడు ఆటల్లో రెండు గెలిచినవాడిదే కప్పు. మొదటి ఆటలో కృష్ణంరాజు దొరబాబును చితక్కొట్టేశాడు.

సరిగ్గా అప్పుడే పోతమ్మ లోపలికొచ్చింది. గాజువాక మార్కెట్లో చేపలమ్ముకుని, ఐసు ఫ్యాక్టరీ మేస్త్రీకి కొడుకును ఇవాళే చూపిద్దామని ఖాళీ గంప చంకన పెట్టుకుని వచ్చింది. ఏసీ గదిలో చేపల వాసన గుప్పుమనేసరికి ముందున్నవాళ్లు దారిచ్చారు. గోడ మీది పెద్ద తెర చూసి, "మావోడేడీ?" అంది.

"అదుగో, సచ్చి పడున్నాడు కదా, ఆడే" అన్నాడు చలమయ్య ఏడుపుమొహంతో.

ఆమె తెరను వదిలి కొడుకును చూసింది. వాడు ఎడమచేతి వేళ్లను కుడిచేత్తో ఒక్కొక్కటే విరుచుకుంటూ కూర్చున్నాడు. గరిటెతో కొట్టిన రోజుల్లో కూడా అచ్చం అలాగే కూర్చునేవాడు. ఆమె గంప నేల మీదికి దించింది.

వేళ్లు విదిలిస్తూ దొరబాబు తల వంచాడు. బల్ల కింద ఒక అట్టపెట్టె కనిపించింది. అందులోంచి వైర్లు వేలాడుతున్నాయి. కొత్తవి రాగానే తీసిపారేసిన పాత మౌసులు! చటుక్కున పెట్టెను బయటికి లాగాడు.

"మేడమ్, ఇవి మీ హాలువేనా?"

"మావే. కానీ పనికిరావు, అన్నీ చచ్చినవే" అంది సూర్యకళ.

"హాల్లోవి ఏవైనా వాడొచ్చని రూలు కదండి. నాకు సచ్చిందే ఇప్పించండి."

అందరూ గొల్లుమన్నారు. సూర్యకళ ఎటూ తేల్చుకోలేక కృష్ణంరాజు వైపు చూసింది. అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వేశాడు.

"ఇవ్వండి మేడమ్, మీ హాలుదే కదా. ఆయన చేతికి ఇది పడట్లేదు, నేనూ చూస్తూనే ఉన్నాను. ఇలా గెలిస్తే నాకు మాత్రం ఏం సరదా అండి?"

దొరబాబు పెట్టెలోంచి బల్లపరుపుగా ఉన్నది ఒకటి ఏరుకున్నాడు. ఎడమ బటన్ అరిగి నున్నబడిపోయింది. కుడి బటన్ మీద కంపెనీవాడు వేసిన గరుకు ఇంకా అలాగే ఉంది. వేలు ఆన్చి నొక్కాడు. టిక్. ఆ చప్పుడుకు వాడి మొహం చూడాలి!

రెండో ఆటలో వాడు ఎక్కడా నక్కలేదు. ఎదురుగా నడుచుకుంటూ వెళ్లాడు. కృష్ణంరాజు మలుపు తిరిగేసరికి వీడు అక్కడున్నాడు, గోడ దూకేసరికి అక్కడా ఉన్నాడు. ఆ ఆట వీడిదే అయ్యేసరికి హాల్లో నవ్వులు ఆగిపోయాయి. మూడో ఆట హోరాహోరీ. పాయింట్లు సమానంగా ఉండగా ఆఖరి ఒక్క చావు మిగిలింది. ఎడమ మణికట్టు చిన్నగా, చటుక్కున తిరిగింది. పోతమ్మ ఆ తిప్పు చూసి ఉలిక్కిపడింది. వల నిండా చేపలు పడినప్పుడు వీరన్న మణికట్టు అచ్చంగా అలాగే తిరుగుతుంది. తండ్రి చెయ్యే, కాకపోతే అద్దంలో. కృష్ణంరాజు తుపాకీ ఎత్తేలోపే చూపుడువేలు పడింది. టిక్.

హాలు దద్దరిల్లిపోయింది. చలమయ్య కుర్చీ ఎక్కి గంతులేశాడు. "కౌంటర్ నీదేరా బావా! నీదే!" కృష్ణంరాజు లేచొచ్చి కౌగలించుకున్నాడు. సూర్యకళ నవ్వుతూ కప్పు అందించింది.

దొరబాబు కుడిచెయ్యి చాపాడు. చిన్నప్పుడు పడిన దెబ్బలు మరి, ఊరికే పోతాయా?

"ఆ సెయ్యి కాదురా!"

గుమ్మం దగ్గర నుంచి పోతమ్మ కేక. బజారులో చేపలమ్మిన గొంతు, హాలంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"ఆడిన సేత్తో తీస్కో! పుర్రసేత్తో తీస్కోరా నాయనా!"

దొరబాబు కుడిచెయ్యి దించి ఎడమచెయ్యి చాపి కప్పు అందుకున్నాడు. తిన్నగా తల్లి దగ్గరకు వచ్చి ఆ చేత్తోనే ఇచ్చాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, రెండు చేతులా పుచ్చుకుని కళ్లకద్దుకుంది. ఐసు ఫ్యాక్టరీ ఊసు ఇక ఎత్తలేదు.

తరవాత గాజువాక కౌంటర్లో దొరబాబు ఏళ్ల తరబడి కూర్చున్నాడు, ఎడమచేత్తోనే చిల్లర ఇచ్చాడు, గుమ్మం ఎక్కనన్నవాళ్లు ఎవరూ లేరు. అదంతా వేరే కథ. ఆ సాయంత్రం మాత్రం తల్లీ కొడుకూ షేర్ ఆటో ఎక్కారు. కప్పు గంపలో ఉంది, పైన గుడ్డ కప్పి ఉంది. ఎదురుగా కూర్చున్న గురువమ్మ, రోజూ పోతమ్మ దగ్గర చేపలు కొనే మనిషి, గంప వైపు మెడ సాచింది.

"ఇంకా ఏటో మిగిలినట్టున్నాది పోతమ్మా. ఏటున్నాది గంపలో?"

పోతమ్మ గుడ్డ తీసి, గంపను ఆమె ఒళ్లోకి జరిపింది.

"మా గుంటడి పుర్రసెయ్యే. సూడు, ఎలా మెరుత్తందో!"