తళతళలాడిన పెనం

యాభైలలో మాట. పెళ్లయ్యాక చోడవరంలో అత్తవారింట నాకది మొదటి క్రిస్మస్. పొద్దున్నే గుడిలో క్రిస్మస్ ఆరాధన ముగించుకుని రాగానే కొత్త బెల్లంతో పోసిన అట్లు తినడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ ఏడు పోయాల్సింది కొత్త కోడలినైన నేనే.

చూస్తే, పొయ్యి మీది పెనం తళతళలాడుతోంది. ఏళ్ల తరబడి నూనె తాగి నల్లగా నిగనిగలాడే ఇనప పెనాన్ని, పండక్కి ఇల్లంతా మెరవాలని, మా అత్తగారు ముందురోజే ఇసకా బూడిదా వేసి తెల్లగా తోమేశారు. అలాంటి పెనం మీద అట్టు లేస్తుందా? వంకాయ ముక్కతో నూనె ఎంత రుద్దినా మొదటి అట్టు ముక్కలైపోయింది. రెండోదీ అంతే. వడ్డాది నుంచి వచ్చిన చుట్టాలు ఖాళీ విస్తళ్ల ముందు కూర్చుని నన్నే చూస్తున్నారు.

"ఏటే, మీ అమ్మ నీకు అట్టు పొయ్యడం కూడా నేర్పలేదేటి?" అన్నారు అత్తగారు, అందరికీ వినపడేలా.

అరికాలి మంట నెత్తికెక్కింది. నన్నంటే పడేదాన్నేమో! గరిటె తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను.

"మీరే ఓటి పొయ్యండత్తా."

ఆవిడ పోశారు. అట్లకాడతో గీకారు. అట్టు పెనాన్ని వదిలితే ఒట్టు.

"నీకూ మీ అమ్మ నేర్పలేదేటే?" అన్నారు మామగారు.

అందరూ ఘొల్లున నవ్వారు. చివరికి అత్తగారు కూడా నవ్వేశారు. నేను మాత్రం నవ్వలేదు.

ఆ ఉదయం గుడిలో పాస్టరుగారు క్షమాపణ గురించే చెప్పారు. పెనం తోమినందుకు ఆవిడను అప్పుడే క్షమించేశాను. మా అమ్మను అన్నందుకు మాత్రం, అత్తగారు పోయి ఇన్నేళ్లయినా, నావల్ల కావడం లేదు.