కడియాలు పోయి చాయ్ వచ్చె

"ఇంకొక్క గుటక తాగినవంటే చూడు!"

"నువ్వు అటు తిరుగు. కనవడకుంటే కోపం రాదు."

మా ఆయన, నేను అనుకున్న ఆఖరి మాటలు గివే. ఆయన మూతి ముడుసుకొని గోడ దిక్కు తిరిగి పండిండు. నేను గుటక తాగిన. తెల్లారి లేపితే లెవ్వలే. గుండె ఆగిందన్నరు. రోగం నాది, పోయింది ఆయన. గిదేం ఇన్సాఫ్?

రాయి బిడ్డా, నా మొఖం చూడకు. నాకు సంతకం వెట్టుడు దాకనే అస్తది. గందుకే కోడలివైన నిన్ను కూసోవెట్టి చెప్తున్న.

మాది నస్పూర్. ఆయన బొగ్గుబాయిల పనిజేసి రిటైరైండు. నాకు ముందుగాల షుగరచ్చింది. దాని ఎన్క బీపీ, ఆ ఎన్క నెత్తుర్ల కొవ్వు, ముంగట బొర్ర. పెండ్లికి సుట్టాలచ్చినట్టు ఒక్కటెన్క ఒక్కటి అచ్చినయ్, ఒక్కటన్న తిరిగి పోలే. "గివన్నీ ఒక్క జట్టే అమ్మా, రోజూ నడువాలె" అన్నడు డాక్టరు. నడిసిన. చాయ్ హోటల్ దాక నడిసిన, మళ్ల ఇంటికి నడిసిన. ఆఖరికి కిడ్నీలు చెడినయ్. ఇగ వారానికి మూడుసార్లు ఆటోల మంచిర్యాలకు పోవుడు, మిషన్ పక్కన పండి నెత్తురు కడిగించుకునుడు.

నాకు మూత్రం రాదు. తాగిన నీళ్లు ఒంట్లనే ఉంటయ్, మిషనే గుంజాలె. ఎంత గుంజాలెనో కాంట చెప్తది. నీళ్లు లేకుంటే నేను ఇంత బరువుండాలెనని ఒక అంకె రాసుకున్నరు. పోంగనే కాంటెక్కిస్తరు, ఆ అంకె మీద ఎంత ఎక్కువుంటే అంత గుంజుతరు. అంకె రాసిననాడు నా కాళ్లకు వెండి కడియాలున్నయ్. పెండ్లినాడు తొడిగినయ్, ఊడి రావు. కడియాలతోటే తూకమేసిన్రు.

నీళ్లకు మా ఆయన కావలి. చిన్న స్టీలు గిలాసల కొలిసి పోసేటోడు. నేను కుండ దిక్కు చూస్తే సాలు, దగ్గెటోడు.

"బాయిల బొగ్గును గూడ గింతగనం కాపల గాయలే" అంటుండె.

ఆయన దినాలనాడు మట్టెలతోటి కడియాలు గూడ తియ్యాలన్నరు. ఆడోళ్లు సబ్బు రాసి గుంజితే కాలు అస్తున్నది గని కడియం రాలే. వెండిపని జేసే అవుసులాయన అచ్చి కత్తిరించిండు. రెండు కలిపి అరకిలో తూగినయ్.

మర్నాడు దవాఖానకు పోయి కాంటెక్కిన. సిస్టరమ్మ సంబురపడ్డది.

"పెద్దమ్మా, గీసారి నీళ్లు మస్తు తగ్గించినవ్!"

నేనేం తగ్గించలే. కాళ్ల దిక్కు చూసుకుంటే సమజైంది. చీర అంచు కింద కడియాలున్నయో లేవో ఎవలకెరుక? నోరు మూసుకున్న. మొగడు నాకు ఇడిసిపోయిన ఆస్తి దొరికింది: అరకిలో చాయ్.

నువ్వు సీసల కొలిసిచ్చిన నీళ్లు నీ ముంగట బుద్ధిగ తాగిన బిడ్డా. చాయ్ పక్కింట్ల తాగిన. "మీ కోడలు చాయ్ పొయ్యదా?" అని గామె అడిగితే జర ఏడుపు మొఖం పెట్టిన. కలం ఆపకు, అది గూడ రాయి.

కని ఆ అరకిలో మిషన్ గుంజలే. ఒంట్లనే కూసున్నది. కాళ్లు ఉబ్బినయ్. పండుకుంటే రొమ్ము మీద బొగ్గు బస్తా వెట్టినట్టు, ఊపిరి అందలే. నువ్వు దిండు మీద దిండేసి, నా ఈపు రాసుకుంట ఏడ్సినవ్. గప్పుడు భయమైంది. సచ్చిపోతనని ఒక్కటే గాదు. పోతే అక్కడ ఆయన కూసొని, "చెప్తే ఇన్నవా?" అంటడు గదా!

సిస్టరమ్మ కాలు ఒత్తి చూసింది. గుంట వడ్డది. దాని పక్కన కడియం మచ్చ గుండ్రంగ తెల్లగున్నది.

"పెద్దమ్మా, గీడ కడియాలుండె గదా?"

"ఉండె."

"ఎప్పుడు తీసిన్రు?"

"ఆయన పోయినంక."

"మరి చెప్పద్దా?"

"నువ్వడగలే."

ఆమె తల పట్టుకున్నది. "ఇన్నొద్దులు మిషన్‌ను మోసం జేసినవా?"

"మిషన్‌కేమైతది?"

"దానికేం గాదు. మునిగేది నీ గుండె."

డాక్టరు పాత అంకె కొట్టేసి కొత్తది రాసిండు. రెండు మూడు సార్లల్ల నా ఆస్తంత పైపుల పడి పోయింది. ఆ వారం ఒక్క దిండు మీద, కాళ్లు బార్లజాపి పండుకున్న. ఊపిరి ఎంత తీయగుంటదో గప్పుడే తెలిసింది. చాయ్ కన్న జర తక్కువ.

ఇగ ఆయన గిలాస నీ చేతులకచ్చింది. కొలిసి పొయ్యి, నేనేమన. గియ్యాల్టి నా వంతు ఇంక సగం గిలాస ఉన్నది, గదిగో కిటికీల వెట్టినవ్.

రాసుడైందా? ఇగ మొదటికెంచి చదువు బిడ్డా. ఆయన మాట కాడ జర దగ్గి, గదురాయించి చదువు, ఆయన గొంతు ఇననియ్యి. నా మాట అచ్చినప్పుడు మాత్రం నువ్వు అటు తిరుగు.