ఇద్దరు ధనకోటులు

వెంగల్ ఊరి మునెయ్య కూతురు వనజాక్షి తిరువళ్ళూరులోని ఒక చేనేత సంఘం ఆఫీసులో తాత్కాలికంగా చేరి పది నెలలయింది. ఆమె సి అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాం మూడు గంటలకు పెద్దాఫీసరు రత్నస్వామి ఎదుట పనిచేస్తే ఉద్యోగం ఖాయం. లేకుంటే ఆ నెలతో సరి.

ప్రోగ్రాం చేయవలసిన పని ఒక్కటే: వనజాక్షి పేరిట ఉన్న తిరుత్తణి నేతగాళ్ళ జాబితాల ఫైళ్ళను ఆ విభాగం చూసే ధనకోటి అక్క పేరిటికి, తిరుత్తణి గుంపుకు మార్చడం. ఆపైన యజమాని దిద్దవచ్చు, గుంపు చదవవచ్చు, తక్కినవారికి తలుపు మూత.

రెండు గంటలకు మీట నొక్కగానే, నాలుగు వందల పన్నెండు ఫైళ్ళూ రెప్పపాటులో చేతులు మారాయి. వనజాక్షి కుర్చీలోనే ఎగిరింది.

"ఏమే వనజా, నా జాబితా సూడొచ్చంట, తాకరాదంట! ఇదేం చోద్యం?" అంది అక్క.

వనజాక్షి గబగబా తన ప్రోగ్రాం చూసుకుంది: కొత్త యజమాని అని రాసిన చోట 'ధనకోటి' అని ఉంది. ఆ సీమలో ధనకోటి అని ఆడవాళ్ళకూ పెడతారు, మగవాళ్ళకూ పెడతారు. యంత్రంలో ఆ పేరును ముందుగా దక్కించుకున్నది స్టోరు చూసే ధనకోటి మామ. అక్కకు మిగిలింది ఉత్త 'కోటి'. ఒకసారి ఇచ్చేశాక ఇచ్చినవారు తిరిగి పుచ్చుకోలేరు; కొత్త యజమానే ఇవ్వాలి. అందరిపైనా అధికారమున్న పాస్‌వర్డు తెలిసిన దండపాణి అరక్కోణంలో పెళ్ళిభోజనం చేస్తున్నాడు.

మామను స్టోరులోంచి లాక్కొచ్చారు.

"అన్నిటికీ పట్టా నా పేరనా? రిజిస్ట్రారు కాడికి పోకుండానే?"

"తమాషా వద్దు మామా! పాస్‌వర్డు చెప్పు, నేనే కొడతా," అంది వనజాక్షి.

"చెప్పను." మామ చెవులు ఎర్రబడ్డాయి.

అక్క చప్పట్లు చరిచింది. "అత్త పేరు పెట్టినాడే! ముప్పై ఏండ్లుగా పెండ్లాన్ని 'ఇదిగో' అంటాడే గాని, ఆ పేరు నోట పలకలా!"

"అందురూ గోడతట్టు తిరగండి," అన్నాడు మామ. తిరిగారు. ఒక్క వేలితో అక్షరాలు వెతుకుతున్నాడు. సరిగ్గా అప్పుడే రత్నస్వామి లోపలికి వచ్చాడు.

ఆఫీసంతా గోడ చూస్తోంది. ఆయన పక్క టెర్మినల్లో కూర్చుని ఒక జాబితా తెరవబోయాడు. యంత్రం ఒప్పుకోలేదు.

"నన్ను అడగాల సార్, ఓనరు నేను," అన్నాడు మామ, తల ఎత్తకుండానే.

వనజాక్షి చెప్పిన ఆదేశాన్ని తప్పుల్లేకుండా కొట్టాడు; ఫైళ్ళన్నీ 'కోటి' పేరిటికి మారాయి. మరుక్షణం అక్క తన జాబితాలో ఒక పేరు దిద్దింది. మామ ఒక జాబితా తెరవబోయాడు. ఆయనకూ తలుపు మూసుకుంది.

రత్నస్వామి కళ్ళద్దాలు తీసి, కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "నీ ప్రోగ్రాం ఆఫీసర్నే ఆపింది, పాత ఓనర్నే ఆపింది. ఇంకేం పరీక్ష కావాలమ్మా? సోమవారం నుంచి నువ్వు పర్మనెంటు."

"ఒక్క ఫైలయినా ఉంచుకోవాల్సింది," అని గొణిగాడు మామ.