జీపు కొలిచిన మారథాన్

పలాస నుంచి కవిటి వెళ్లే రోడ్డెక్కాలంటే ఇప్పటికీ నాకు మనసొప్పదు. రోడ్డు తప్పేం లేదు. దాని మీద నేను పరిగెత్తిన ఒక పరుగు గుర్తొస్తుంది.

మాది కవిటి దగ్గర సముద్రం ఒడ్డు. వేట మా బతుకు. తడి ఇసుకలో పరిగెత్తి నా కాళ్లు గట్టిపడ్డాయి. ఆటల కోటాలో చిన్న ఉద్యోగం వస్తే చాలు, పడవెక్కకుండా బతకొచ్చని ఆశపడ్డాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పలాస పెద్దమనుషులు కమిటీ కట్టి కవిటి వైపు నలభై రెండు కిలోమీటర్ల మారథాన్ పెట్టారు. అందరికన్నా ముందు గీత దాటింది నేనే. మైకులో ఒకాయన గొంతు చించుకున్నాడు: "ప్రపంచ రికార్డుకి కూతవేటు దూరంలో మన ఉద్దానం బిడ్డ!" నాకు సరిగ్గా ఆయాసమైనా రాలేదు. అనుమానం వచ్చింది గానీ, మెడలో దండలు పడుతుంటే తల వంచి వేయించుకున్నాను.

భోజనాల దగ్గర, దారి కొలిచిన జీపు డ్రైవరు నా పక్కనే కూర్చున్నాడు. నాకు వరసకి బావ.

"బావా, దారి సరిగ్గానే కొల్సినావేటి?" అని అడిగాను.

"మీటరు సూసే కొల్సినాను. నలభై రెండు పడగానే సున్నం గీత గీసీసినాం."

"మజ్జలో ఎక్కడికీ ఎల్లలేదు కదా?"

"రోడ్డు దిగి కంచిలిలో మా అత్తోరింటికెల్లి సేపల పులుసుతో బోయినం సేసొచ్చినాం. ఏటి, కడుపు మాడ్సుకుని కొల్సమంటావేటి?"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నేను విస్తరి ముందు నుంచి లేచిపోయాను. వాళ్లు చేపల పులుసు కోసం తిరిగిన దూరమంతా నేను పరిగెత్తినట్టు రాసేశారు. ఛీ!

టెక్కలిలో నాకు పరుగు నేర్పే మాస్టారికి కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్ చూపించి, జరిగింది చెప్పాను. ఆయన దాన్ని బల్ల మీదకి గిరాటేశారు.

"జీపుతో ఎవలైనా కొలుత్తార్రా? సైకిలు సెక్రం ఎన్ని సుట్లు తిరిగిందో లెక్కెట్టి కొల్వాల. మలుపుల్లో అన్నిటికన్నా దగ్గర దారట్టుకుని కొల్వాల. అదంతా సరిగ్గున్నా ఈ దారి రికార్డుకి పనికిరాదు. మొదలుకీ సివరకీ ఎడం మొత్తం దూరంలో సగానికి మించకూడదు. లేకపోతే ఎనకనుంచి గాలే తోసీగలదు. పల్లానికి పరిగెట్టించినా ఒప్పుకోరు. ఆ కాయితం సింపీ."

నేను చింపలేదు. ఎవరు చూడొచ్చారులే అనుకుని ఉద్యోగం దరఖాస్తుకి దాన్నే జత చేశాను. ఆ దారికి గుర్తింపు లేదని జవాబొచ్చింది.

మరుసటి ఏడాది మాస్టారు నన్ను సరిగ్గా కొలిచిన దారి మీద పరుగుకి వేరే జిల్లా తీసుకెళ్లారు. చివర్లో ప్రాణం పోయినంత పనయింది. రెండు కాలిగోళ్లు ఊడిపోయాయి. మొదటి పరుగు కంటే చాలా ఆలస్యంగా చేరాను. అయినా ఉద్యోగానికి అడిగిన సమయంలోపే చేరాను. ఆ కాగితం పట్టుకుని మళ్లీ అదే ఆఫీసుకి వెళ్లాను.

గుమస్తా పాత ఫైలు తీసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. "నిరుడు ప్రపంచ రికార్డు దగ్గరికెళ్లినవాడివి, ఇప్పుడింత నెమ్మదించావేం? ఈ కొత్త కాగితం ఎవరిచేత రాయించుకున్నావు?" అన్నాడు.

చెప్పు విప్పి గోళ్లూడిన వేళ్లు చూపిద్దామనిపించింది. చూపించలేదు. మొదటి కాగితం ఆ ఫైల్లోకి ఎలా వచ్చిందని అడిగితే నేనేం చెప్పను? ఉద్యోగం వేరొకరికి వెళ్లింది. ఆ వారమే నాన్నతో పడవెక్కాను. కమిటీ మీద, బావ మీద ఎంత రోత పుట్టిందో, ఆ మొదటి కాగితాన్ని చింపని నా చేతుల మీద అంతకు రెట్టింపు పుట్టింది.