కృపాకుమారి ఎక్కడున్నట్టు

దివిసీమలో ఎవరికైనా ఫోన్ చేసి "ఎక్కడున్నారు?" అని అడిగితే, వచ్చే జవాబులోంచి కాస్త తరుగు తీసుకుని వినాలి. "బయల్దేరాం" అన్నారంటే ఇంకా స్నానాల దగ్గరే ఉన్నారన్నమాట. "మోపిదేవి దాటాం" అంటే పులిగడ్డలో టీ తాగుతున్నారు. చెప్పేవాడు ఒక ఊరు ముందుకి జరిపి చెబుతాడు, వినేవాడు ఒక ఊరు వెనక్కి జరుపుకుని అన్నానికి ఎసరు పెట్టిస్తాడు. దీన్ని అక్కడెవరూ అబద్ధమనరు. గుమ్మంలో నిలబడి ఎదురుచూసే మనిషిని ఉసూరుమనిపించకపోవడం మర్యాద, అంతే. కాలవల్లో పడవలు నడిచే రోజుల్లో కూడా ఇంతేనట. లాకుల దగ్గర ఆగిపోయినవాళ్లు ఒడ్డున నడిచిపోయే మనిషిని పిలిచి "మావాళ్లు కనిపిస్తే వచ్చేశామని చెప్పు బావా" అనేవారట. ఫోనొచ్చి కబురు పట్టుకెళ్లే బావని మాయం చేసింది గాని కబురు మారలేదు.

కృపాకుమారి పుట్టింది ఆ సీమలోనే, నాగాయలంక దగ్గర ఒక పల్లెలో. పెళ్లయి పెడన వెళ్లింది. భర్త కలంకారీ అచ్చులద్దే పనివాడు, చేతులకి ఎప్పుడూ బట్టకి పట్టించే కరక్కాయ వాసన. కాపురం కుదురుకునే వేళకి కామెర్లొచ్చి పోయాడు. పిల్లల్లేరు. అప్పటినుంచి బందరులో మంచాన పడ్డ పెద్దవాళ్ల దగ్గర తోడుండే పని. మొదట ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడ చివరిదాకా కీర్తనలు తప్పు లేకుండా పాడేది, కూతురి పేరు మాత్రం గుర్తుండేది కాదు. ఆ తర్వాత పక్షవాతం వచ్చిన ప్లీడరుగారు. ఆ తర్వాత ఇంకెవరో. ఈ ఉద్యోగంలో ఉన్న చిక్కేమిటంటే, ఎంత బాగా చేసినా అన్నీ ఒక్కలాగే అయిపోతాయి. మనిషి పోయి, చివరి ప్రార్థన కాగానే ఇంటివాళ్లు ఒక చీర పెట్టి, కళ్లు తుడుచుకుని, "వస్తూ ఉండమ్మా కృపా" అనేవారు.

ఎక్కడినుంచి రావాలో వాళ్లు అడిగేవాళ్లు కాదు. అన్న జీవన్ కుమార్ ఇంటినుంచి. అన్న మంచివాడు, వదిన కూడా ఒక్కనాడు మాట తూలలేదు. కాని ఆ ఇంట్లో కృపాకుమారి పడక హాల్లో, ఫ్రిజ్ పక్కన. మంచినీళ్లకి ఎవరు లేచినా ఫ్రిజ్ వెలుగు ఆమె మొహం మీద పడేది. "అయ్యో, పడుకో" అనేవారు. పడుకునే ఉంది కదా పాపం.

అందుకే ఇటలీ ఉద్యోగం గురించి గుడివాడ గోవర్ధనరావు గారు చెప్పినప్పుడు ఆమె జీతం సంగతి తర్వాత అడిగింది. ముందు అడిగింది గది గురించి.

"గది విడిగానే ఇస్తారమ్మా. నీకే."

"తలుపుకి లోపల గడియ ఉంటుందా అండి?"

"ఉంటుంది."

"లోపలేనా అండి?"

గోవర్ధనరావు గారు ఆమె వంక చూసి, "లోపలే" అన్నారు. ఆయన ఒకప్పుడు సరుకు ఓడల్లో వంటవాడు. జెనోవా రేవులో ఓడ మరమ్మతుకి ఆగినప్పుడల్లా కూరగాయల బజారులో బేరాలాడి నేర్చుకున్న ఇటాలియన్‌తో, గుడివాడలో ఒక మేడగది తీసుకుని, ముసలివాళ్ల సేవకి వెళ్లాలనుకునే ఆడవాళ్లకి పాఠాలు చెప్పేవారు. భాషంతా తనకే రాదని దాచకుండా ఒప్పుకునేవారు. "నువ్వెక్కడున్నావో చెప్పగలిగితే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు" అనేది ఆయన సిద్ధాంతం. అందుకని మొదట్లో అన్నీ అవే పాఠాలు. సోనో అంటే ఉన్నాను. సోనో ఇన్ కుచీనా, వంటింట్లో ఉన్నాను. సోనో ఇన్ బాన్యో, స్నానాలగదిలో ఉన్నాను. దెంత్రో లోపల, ఫువోరి బయట. దోవె సేయి అంటే ఎక్కడున్నావు. తోచిన వేళకి ఫోన్ చేసి ఆయన "దోవె సేయి?" అనేవారు. కృపాకుమారి చర్చి మెట్ల మీదున్నా, చేపల మార్కెట్‌లో ఉన్నా, నాగాయలంక రేవులో ఏరు దాటించే పంటు కోసం నిలబడి ఉన్నా, ఉన్నచోటు చెప్పాలి. చెప్పేది కూడా. చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూస్తే ఆమెకి లోలోపల గర్వంగా ఉండేది.

ఇప్పుడు ఉద్యోగం ఎక్కడంటే, వెర్చెల్లి అనే ఊళ్లో. ఇటలీ అనగానే మనకి రాతి మేడలూ గంటల గోపురాలూ తోస్తాయి గాని, వెర్చెల్లి చుట్టూ ఉన్నది వరి. కాలవలు, తూములు, గట్లు, నీళ్లు నిలబెట్టిన మళ్లు, వాటిలో కొంగలు. ఫొటో చూపిస్తే గుడ్లవల్లేరు రైతు కూడా ఇది ఏ లాకు కింద ఆయకట్టని అడుగుతాడు. అక్కడ ఎల్వీరా అని ఒక ముసలమ్మ. మతిమరుపు. తలుపు తీసుకుని కాలవల వైపు వెళ్లిపోతుంటుంది. కూతురు దొనాతెల్లా తొరీనో నగరంలో ఉద్యోగం చేస్తూ, రోజులో పదిసార్లు ఫోన్ చేసి అమ్మ ఎక్కడుందో కనుక్కుంటుంది. దొనాతెల్లా వారాంతం అమ్మ దగ్గరికి వచ్చినప్పుడు, గుడివాడ మేడగదిలోంచి వీడియో కాల్‌లో కృపాకుమారిని చూసి మాట్లాడాలని ఏర్పాటు. ఆవిడ సరేనంటే మిగతా కాగితాలు కదులుతాయి.

ఆ రోజు కృపాకుమారి అవనిగడ్డలో మధ్యాహ్నమే బస్సెక్కింది. చల్లపల్లి దాకా బాగానే వచ్చింది. కూచిపూడి దాటాక ఆగిపోయింది. కోతల కాలం, పైగా వాయుగుండం కబురు. రైతులు ధాన్యం రోడ్డు మీద సగం మేర ఆరబోసి ఉంచారు. మిగిలిన సగంలో ఎదురుగా వచ్చిన లారీ బస్సుకి దారివ్వబోయి చక్రం రోడ్డు వారనున్న బోదె కాలవలోకి జార్చుకుంది. ఇక అటు లేదు, ఇటు లేదు. పారలు తెచ్చేవాళ్లు కొందరు, ఎలా తవ్వాలో చెప్పేవాళ్లు చాలామంది.

గోవర్ధనరావు గారి ఫోన్. "ఎంతవరకొచ్చావమ్మా?"

"పామర్రు దాటానండి."

ఆలోచించి అన్నది కాదు. అలవాటుగా వచ్చేసింది. ఆయనకీ దివిసీమ లెక్క తెలుసు కనక ఒక ఊరు వెనక్కి జరుపుకుని, పామర్రు బస్టాండులో ఉందన్నమాట, అరగంటలో వచ్చేస్తుంది అనుకున్నారు. కాని బస్సు కదలడమే లేదు.

పక్క సీట్లో ఎండుచేపల గంప కాళ్ల దగ్గర పెట్టుకుని కనకమహాలక్ష్మి కూర్చుంది. గుడివాడ సంతలో అమ్ముకునే మనిషి. "పామర్రు ఎప్పుడు దాటేం అమ్మాయ్? నేను నిద్రోయానా?" అంది.

కృపాకుమారి నవ్వేలోపల మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి తెలియని నంబరు, వీడియో. ఎత్తగానే తెర మీద కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ. దొనాతెల్లాయే. అనుకున్న వేళకంటే ముందే కూర్చుని, ఇక ఆగలేక, దరఖాస్తులో ఉన్న నంబరుకి నేరుగా చేసింది.

"కృపా? దోవె సేయి?"

ఎన్నిసార్లు జవాబు చెప్పిన ప్రశ్న. కృపాకుమారి వెన్ను నిటారుగా పెట్టి, కళ్లు తెర మీదే నిలిపి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "సోనో ఇన్ ఔతోబుస్." బస్సులో ఉన్నాను.

దొనాతెల్లా కళ్లజోడు సరిచేసుకుని తెరకి దగ్గరగా వంగింది. తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడదీసి ఏదో అంది. అందులో గోవార్ అనే పేరు వినిపించింది. గోవర్ధనరావు గారే. బాన్యో వినిపించింది. అప్పుడు అర్థమైంది. సార్ ఈలోగా ఆవిడతో మాట్లాడారు. పామర్రు దాటిన మనిషిని ఆయన ఇంకొంచెం ముందుకి జరిపి, ఏకంగా మేడగదిలోకే తెచ్చేసి, "ఇక్కడే ఉంది, స్నానాలగదిలో ఉంది, ఇప్పుడే వస్తుంది" అన్నారు.

"ఏమంటందే ఆ దొరసాని?" అంది కనకమహాలక్ష్మి.

"నేనెక్కడున్నానని అడుగుతోందత్తా."

"బస్సులో ఉన్నావని చెప్పు."

"చెప్పాను. మా సార్ నేను బాత్రూంలో ఉన్నానని చెప్పారంట."

వెనక సీట్లో ఒకాయన పకపకా నవ్వాడు. కనకమహాలక్ష్మి వెనక్కి తిరిగి, "నవ్వుతావేంటయ్యా, దిగి లారీకి భుజమియ్యి" అని, ఇటు తిరిగి, "ఆయన నీ మంచికే చెప్పేడని చెప్పు. ఆ మాత్రం తెలీదా ఆవిడికి?" అంది.

చెప్పాలంటే ఎన్ని చెప్పాలి. పామర్రు దాటానన్నది నేనే అని చెప్పాలి. అలా అనడం మాకు మామూలని చెప్పాలి. సార్ మోసగాడు కాదని, మా ఊళ్లో వినేవాళ్లందరికీ తెలిసే వింటారని చెప్పాలి. కృపాకుమారికి వచ్చినవన్నీ ఉన్నచోటు చెప్పే మాటలు. ఎందుకున్నదీ, ఎందుకు లేనిదీ చెప్పే మాటలు ఇంకా పాఠంలోకి రాలేదు. ఆమె "స్కూజి" అంది. మన్నించమని. ఫోన్ కిటికీ వైపు తిప్పింది. జారిన లారీ, రోడ్డు పొడుగునా బంగారం రంగులో ధాన్యం, కాలితో తిరగేస్తున్న ఒక ముసలాయన.

"రీజో" అంది దొనాతెల్లా. వడ్లని గుర్తుపట్టింది. ఒక్క క్షణం ఆవిడ మొహం మెత్తబడింది. కృపాకుమారికి ఊపిరాడింది. కాని ఆవిడ మళ్లీ తన మాటకే వచ్చింది, ఈసారి ఇంకా నెమ్మదిగా. నేను ఫోన్ చేసి అమ్మ ఎక్కడ అని అడిగితే, నువ్వు వంటింట్లో అంటే, అమ్మ వంటింట్లో ఉండాలి. నిజంగా వంటింట్లో. అమ్మ, కుచీనా, ఎక్కడ, ఉంది. దేవుడు పగబట్టినట్టు అన్నీ తెలిసిన మాటలే. ఆ పాఠంలో లేని మాట ఒక్కటి కూడా ఆవిడ వాడలేదు. "సీ" అంది కృపాకుమారి. అవును. అవునని తప్ప ఏమనగలదు? ఫోన్ ఆగిపోయింది.

లారీ పైకొచ్చి, బస్సు కదిలి, ఆమె గుడివాడ చేరి మేడమెట్లెక్కేసరికి గోవర్ధనరావు గారు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

"ఆవిడ నీకు చేసిందా? ఏం చెప్పావమ్మా?"

"బస్సులో ఉన్నానని చెప్పానండి."

"నేను ఇక్కడే ఉన్నావని చెప్పానే."

"ఎందుకు చెప్పారండి?"

"పామర్రు దాటానన్నావు కదమ్మా నువ్వు."

 ఒకరి మీద ఒకరు కోపగించుకోవడానికి కూడా వీలు లేకుండా ఉంది. ఆయన మళ్లీ దొనాతెల్లాకి చేశారు. రేవు బజారులో టమాటాలు బేరమాడిన భాషతో ఒక సీమ మర్యాదని వివరించబోయారు. మా దేశంలో, అన్నారు. మంచి మనిషి, అన్నారు. తప్పు నాది, అన్నారు. అవతలినుంచి మెత్తగా, విసుగు లేకుండా, చిన్న చిన్న జవాబులు. కృపాకుమారి ఆయన మొహంలోనే చదువుకుంది. ఎవరో పెరూ దేశపు మనిషి ఉందట, ఆ ఊళ్లోనే ఉంటోందట, ఆవిడని పెట్టుకుంటారట. నీకు మంచి జరగాలని కోరుకుంటున్నానని చెప్పమందట.

"ఇంకొక్కసారి చేస్తాను" అన్నారు గోవర్ధనరావు గారు.

"వద్దులెండి సార్."

వద్దంటుండగానే చేసి స్పీకర్ నొక్కారు. చాలాసేపు మోగి, ఎవరో ఎత్తారు. వణికే గొంతు. "ప్రోంతో?" దొనాతెల్లా కాదు. ఎల్వీరా.

గోవర్ధనరావు గారు తడబడి ఫోన్ కృపాకుమారి ముందు పెట్టారు. ఏమనాలో తెలియక ఆమె వచ్చిందే అడిగింది. "దోవె సేయి?"

ముసలమ్మ ఆలోచించింది. "నోన్ లో సో" అంది.

"తెలియదంటోంది" అన్నారు సార్ నెమ్మదిగా.

బందరు హెడ్మిస్ట్రెస్ కూడా అచ్చం ఆ గొంతుతోనే కూతురి పేరు తెలియదనేది. కృపాకుమారి ఫోన్ మీదికి వంగింది. అక్కడ ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. చెప్పులీడ్చుకుంటూ నడిచిన చప్పుడు. ఇనుప గడియ కదిలింది. తలుపు తెరుచుకుంది, బయటి గాలి, దూరంగా ఒక బండి హారను, మళ్లీ తలుపు. తర్వాత లోపల్నుంచి ఎక్కడో కుళాయి పారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

కుళాయి ఆగింది. "మమ్మా?" దొనాతెల్లా గొంతు. "మమ్మా, దోవె సేయి?"

"ఫువోరి" అంది కృపాకుమారి. "మమ్మా ఫువోరి." బయట. అమ్మ బయట ఉంది. జీవితంలో ఒక మనిషి ఎక్కడుందో అంత కచ్చితంగా ఆమె ఎప్పుడూ చెప్పలేదు. గొంతు పెంచి మళ్లీ చెప్పింది. గోవర్ధనరావు గారు ఫోన్ లాక్కుని, ఓడ వంటగదిలో ఇంజను హోరు మీద కేకేసినట్టు కేకేశారు. బల్ల మీది ఫోన్ మాట ఎవరూ వినలేదు. అక్కడ ఒక గది తలుపు తీసి మూసిన చప్పుడు, తర్వాత ఇంకో గదిది. దొనాతెల్లా గొంతు దూరమైంది, దగ్గరైంది, దూరమైంది. మధ్యలో లైను పోయింది.

మళ్లీ చేశారు. మోగింది. సాయంత్రం పాఠానికొచ్చిన ఆడవాళ్లు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియక నిలబడ్డారు. కృపాకుమారి బెంచీ మీద కూర్చుని, మోగుతున్న ఫోన్ వంకే చూస్తోంది. ఎవరూ ఎత్తలేదు.