గోడ దాటిన పుదీన

తాండూరులో మా పెరట్లో పుదీనను నేలలోనే నాటాను. కుండీలో పెట్టమని నా భార్య చెప్పినా వినలేదు. చుట్టూ నాలుగు నాపరాతి బండలు నిలువుగా పాతితే వేర్లు పాకకుండా ఆగుతాయనుకున్నాను. నాపరాతి గనులున్న మా ఊళ్లో ఏ పనికైనా ముందు బండే గుర్తొస్తుంది.

వానాకాలం గడిచేసరికి వేర్లు ఆ బండల కింద నుంచి, గోడ కింద నుంచి పక్కింటి అక్క చామంతి మడిలోకి పాకాయి. ఆమె ఆదివారం చర్చికి పట్టుకెళ్లే పూలు ఆ మడివే. చామంతి మొక్కలు సగం వడలిపోయాయి.

"నారు మంచిది గాదేమో," అన్నది ఆమె. నా పుదీన పనేనని తెలిసీ నేను తల ఊపాను.

ఆ తర్వాత నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. పొద్దున్నే గోడ మీంచి తొంగిచూడటం, లోపలికి రావడం, మళ్లీ వెళ్లడం. చివరికి ఒకరోజు గడ్డపార పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

"అక్కా, మీ చామంతిని నా పుదీనే తిన్నది. అప్పుడే చెప్పాల్సుండె."

"నాకెర్కలేదా తమ్మీ? మడి తవ్వితే చట్నీ వాసనొచ్చె. నువ్వెప్పుడు చెప్తవో అని చూస్తున్న. ఇగ కూసో, తవ్వు."

సాయంత్రం దాకా తెల్లటి వేర్లు ఏరాను. ఇప్పటికీ వాన పడితే ముందు ఆ మడి దగ్గరికే వెళ్తాను. ఎక్కడో ఒక పుదీన చిగురు కనిపిస్తూనే ఉంటుంది.