అంతా కృపే సార్

మా సంఘంలో పాట ఎత్తే అన్నకు ఒకటే మాట, "అంతా కృపే". పాట బాగుందన్నా అదే, ఇంట్లో పప్పుచారు బాగుందన్నా అదే. నేను చేశానని చెప్పుకుంటే ప్రభువు మహిమను దొంగిలించినట్టేనని ఆయన నమ్మకం. నా నమ్మకమూ అదే.

ఆయన ఐటీ ఉద్యోగం మొయినాబాద్‌లోని ఇంటి నుంచే చేసేవాడు. ఒకరోజు పాటల పుస్తకాల కోసం వెళ్తే, ల్యాప్‌టాప్ ముందు మీటింగ్‌లో ఉన్నాడు. ఆయన వారమంతా కూర్చొని సరిచేసిన ప్రోగ్రామ్ గురించి మేనేజర్ అడుగుతున్నాడు.

"బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎవరు చేశారు?"

"అంతా కృపే సార్."

"అయితే టీమ్ లీడ్ పోస్టుకు కృప పేరే రాస్తున్నాను."

వాళ్ల టీమ్‌లో నిజంగానే కృప అనే అమ్మాయి ఉంది. ఆ రోజు సెలవు పెట్టింది. ఆ పోస్టు కోసం అన్న మూడేళ్లుగా ప్రార్థిస్తున్నాడు. నా నమ్మకం కొంచెం జారింది. "చెప్పన్నా!" అని గుసగుసగా అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

వంటింట్లోంచి వదిన గరిటెతో సహా వచ్చింది.

"సార్, ఈయన అన్నది దేవుని కృప, మీ కృప కాదు! వారం సంది తిండి లేదు, నిద్ర లేదు."

"అంటే మీరే చేశారా?" అన్నాడు మేనేజర్.

అన్న పైకి చూశాడు. తర్వాత గరిటె వైపు చూశాడు. "నేనే చేసిన సార్" అన్నాడు, నేరం ఒప్పుకున్నట్టు.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. "ఈ వారం ఒక్కసారి 'నేను' అనేసిన. నా కోసం ప్రార్థన చెయ్యాలె. పోస్టు మాత్రం వచ్చింది."

అందరికన్నా గట్టిగా "స్తోత్రం" అన్నది వదినే.